ఏది మంచిది అని అడిగే ముందు: గర్భనిరోధక పద్ధతి ఎంచుకునేటప్పుడు మాట్లాడుకోవాల్సినవి

"డాక్టరుగారూ, వీటన్నిట్లో ఏది మంచిది?" గర్భం ఇప్పుడే వద్దనుకుని వచ్చినవాళ్లు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా జవాబు మరీ తొందరగా వచ్చేసినప్పుడే. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి నాలుగు సంగతులైనా తెలుసుకోకుండా "కాపర్-టి వేయించుకోండి" అనో, "ఈ మాత్రలు వాడండి" అనో చెప్పేస్తే, అది చెప్పినవాళ్ల అలవాటే తప్ప ఆమెకు తగిన సలహా కాదు. ఆమె తల ఊపి ఇంటికి వెళ్తుంది. రెండు మూడు నెలలకు ఏదో ఇబ్బంది వచ్చి మానేస్తుంది. మానేశానని చెప్పడానికి మళ్లీ రాదు. పాతది ఆగి కొత్తది మొదలవని ఆ ఖాళీలోనే అనుకోని గర్భం వస్తూ ఉంటుంది.

అందుకే నా దృష్టిలో కౌన్సెలింగ్ అంటే పద్ధతుల జాబితా చదివి వినిపించడం కాదు. ఎంచుకున్నదాన్ని ఆ మనిషి కొనసాగించగలదా లేదా అన్నది ముందే, కలిసి ఆలోచించడం. ఇది డాక్టర్లకు, నర్సులకు ఎంత అవసరమో, పద్ధతి ఎంచుకోబోయే దంపతులకూ అంతే అవసరం. అందుకని ఇద్దరినీ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

అంకెల వెనకున్న మాట

"99 శాతం పనిచేస్తుంది" అనే మాట వినగానే ధైర్యం వస్తుంది. కానీ ప్రతి పద్ధతికీ రెండు అంకెలు ఉంటాయి. ఒక్క పొరపాటు కూడా లేకుండా వాడితే ఏడాదిలో నూటికి ఎంతమందికి గర్భం వస్తుందన్నది మొదటిది. మరుపు, ప్రయాణం, జ్వరం, పని ఒత్తిడి ఉన్న మామూలు జీవితంలో వాడితే ఎంతమందికి వస్తుందన్నది రెండోది. చాలాచోట్ల మొదటి అంకె ఒక్కటే చెప్తారు. మనిషికి పనికొచ్చేది రెండోది.

ఏ జాగ్రత్తా తీసుకోకపోతే ఏడాదిలో నూటికి సుమారు 85 మందికి గర్భం వస్తుంది. రోజూ వేసుకునే మాత్రలు ఒక్కటి కూడా తప్పకపోతే ఆ సంఖ్య 1 లోపే, 0.3 దాకా దిగిపోతుంది. మామూలు వాడకంలో అదే మాత్రకు 7. కండోమ్ ప్రతిసారీ సరిగ్గా వాడితే 2, మామూలుగా 13. వీర్యం పడకముందే బయటికి తీసేయడం మీద ఆధారపడితే 4, మామూలుగా 20. మూడు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్‌కు 0.2, మామూలుగా 4. గర్భసంచిలో పెట్టే లూపుల్లో ఒకటైన కాపర్-టికి వచ్చేసరికి 0.6, 0.8. హార్మోన్ లూప్, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ రెండింటికీ ఇంకా తక్కువ, పైగా ఈ అంకెకూ ఆ అంకెకూ తేడానే ఉండదు.

ఆ తేడా ఎంత ఉంటే ఆ పద్ధతి మనిషి జ్ఞాపకం మీద, క్రమశిక్షణ మీద అంతగా ఆధారపడి ఉందని అర్థం. అమెరికాలోని సెయింట్ లూయీస్‌లో 9 వేలమందికి పైగా మహిళలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఏ పద్ధతి కావాలన్నా ఖర్చు లేకుండా ఇచ్చారు. నలుగురిలో ముగ్గురు లూప్, ఇంప్లాంట్ లాంటి దీర్ఘకాల పద్ధతులు ఎంచుకున్నారు. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం మాత్రలు, చర్మానికి అంటించే ప్యాచ్, యోనిలో పెట్టుకునే రింగ్ వాడినవాళ్లలో ఏడాదికి నూటికి 4.55 మందికి ఆ పద్ధతి విఫలమై గర్భం వస్తే, దీర్ఘకాల పద్ధతులు వాడినవాళ్లలో 0.27 మందికే వచ్చింది. మాత్రలు, ప్యాచ్, రింగ్ వాడినవాళ్లలో 21 ఏళ్ల లోపు వారికి ఆ ముప్పు పెద్దవాళ్ల కంటే దాదాపు రెట్టింపు.

ఇది చూశాక చాలామంది వైద్యులు ఒక నిర్ణయానికి వచ్చేశారు: అందరికీ ముందు లూప్, ఇంప్లాంట్ గురించే చెప్పాలి, వద్దంటేనే మిగతావి. నేను దీనితో సగమే ఏకీభవిస్తాను. వాటి గురించి అందరికీ చెప్పి తీరాలి, అది నిజం. కానీ గర్భం రాకుండా ఆపే బలం ఒక్కటే అందరికీ మొదటి కొలత కాదు. "వద్దనుకున్న రోజు ఎవర్నీ అడగకుండా నేనే ఆపేసుకోగలగాలి" అనుకునే మహిళకు మాత్ర ఇచ్చే స్వేచ్ఛ లూప్ ఇవ్వదు. వచ్చే ఏడాది పిల్లల్ని కనాలనుకుంటూ, ఈలోపు గర్భం వచ్చినా ఫరవాలేదనుకునే జంటకు కండోమ్ సరిపోవచ్చు. అంకెలు తెలిసి ఆమె తీసుకున్న నిర్ణయం మన అంచనాకు భిన్నంగా ఉంటే, దాన్ని మార్చడం మన పని కాదు.

ముందు వినాలి

మొదటి ప్రశ్న "ఏ పద్ధతి కావాలి?" కాకూడదు. "పిల్లల గురించి ఏమనుకుంటున్నారు? ఎప్పుడు కావాలనుకుంటున్నారు?" అనేది మొదటిది. ఆ తర్వాత "ఈలోపు అనుకోకుండా గర్భం వస్తే మీకు ఎలా ఉంటుంది?" అని అడగాలి. చాలామంది ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. "అలా జరిగితే మాత్రం నేను తట్టుకోలేను" అనే జవాబుకూ, "వస్తే రానివ్వండి" అనే జవాబుకూ మధ్య పద్ధతుల జాబితా మొత్తం తారుమారవుతుంది.

ఇంతకు ముందు ఏం వాడారు, ఎందుకు మానేశారు అన్నది మరో విలువైన ప్రశ్న. మాత్రలతో రోజూ వికారం వచ్చిందని మానేసిన మనిషికి మళ్లీ అవే మాత్రలు రాసివ్వడం చూస్తుంటాం. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. నెలసరి ఎలా వస్తుంది, నొప్పి ఉంటుందా, రక్తం ఎక్కువగా పోతుందా, రక్తహీనత ఉందా అన్నవీ ఇప్పుడే అడగాలి. ఎందుకు అడగాలో కాసేపట్లో చెప్తాను.

ఒక ప్రశ్న మాత్రం ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఇది వాడుతున్నట్టు ఇంట్లో తెలిస్తే ఏమైనా ఇబ్బందా? మాత్రల షీటు కనబడితే గొడవ జరిగే ఇల్లు కొందరిది. బలవంతం, హింస ఉన్న చోట మాత్రలు విసిరేస్తారు, కండోమ్ వాడటానికి ఒప్పుకోరు. అలాంటి మహిళకు బయటికి కనబడని ఇంజెక్షనో, దారం చిన్నగా కత్తిరించిన లూపో రక్షణ అవుతుంది. భర్తో, అత్తో, అమ్మో పక్కనే కూర్చుని ఉంటే ఈ మాట బయటికి రాదు. కాబట్టి ఎవరు వెంట వచ్చినా కొన్ని నిమిషాలు ఆమెతో విడిగా మాట్లాడటం నియమంగా పెట్టుకోవాలి. అందరితోనూ అలాగే చేస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఎవరికి ఏది ప్రమాదం

ఈ విషయంలో ఊహలతో పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి వైద్య అర్హత ప్రమాణాలు ప్రచురిస్తోంది. ఒక్కో ఆరోగ్య పరిస్థితికీ ఒక్కో పద్ధతిని 1 నుంచి 4 వరకు వర్గీకరిస్తారు. 1 అంటే ఏ అభ్యంతరమూ లేదు. 2 అంటే ముప్పు కంటే లాభం ఎక్కువ. 3 అంటే లాభం కంటే ముప్పు ఎక్కువ, వేరే దారి లేనప్పుడే వాడాలి. 4 అంటే వాడకూడదు.

ఎక్కువ జాగ్రత్త అవసరమైంది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు, ప్యాచ్, రింగ్‌ల విషయంలో. ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని కాస్త పెంచుతుంది. 35 ఏళ్లు దాటి రోజుకు 15 సిగరెట్లు, అంతకంటే ఎక్కువ తాగేవాళ్లకు ఇది 4. బీపీ 160/100 ఉన్నా, దాటినా 4. 140/90 దాటితే 3. కాళ్ల సిరల్లోనో, ఊపిరితిత్తుల్లోనో ఇంతకు ముందు రక్తం గడ్డకట్టి ఉంటే 4. పాలిచ్చే తల్లికి కాన్పయిన మొదటి 6 వారాలు 4, ఆ తర్వాత 6 నెలల వరకు 3.

మైగ్రేన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువగా జారిపోయేది ఇదే. తలనొప్పి ఉందా అని అడిగితే చాలదు. నొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, వంకర టింకర వెలుగులు కనిపిస్తాయా, చూపులో కొంత భాగం మసకబారుతుందా, చేతిలోనో ముఖంలోనో తిమ్మిరి పాకుతుందా అని విడమరిచి అడగాలి. అవి ఉంటే దాన్ని ఆరాతో కూడిన మైగ్రేన్ అంటారు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది కాబట్టి వయసుతో సంబంధం లేకుండా ఈస్ట్రోజెన్ ఇవ్వకూడదు. అవి లేని మైగ్రేన్ అయితే 35 లోపు వాళ్లకు సాధారణంగా ఇవ్వవచ్చు.

అలాగని ఈస్ట్రోజెన్ అంటే అందరూ భయపడనక్కర్లేదు. ఏ హార్మోనూ వాడని 10 వేలమంది మహిళల్లో ఏడాదికి సుమారు ఇద్దరికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరోన్ రకం హార్మోన్ కూడా కలిసిన కంబైన్డ్ మాత్రల్లో, ఆ రెండోది లెవోనార్జెస్ట్రెల్ అయితే 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరినోన్, డెసోజెస్ట్రెల్ అయితే 9 నుంచి 12 మందికి. గర్భంతో ఉన్నప్పుడు, మరీ ముఖ్యంగా కాన్పు తర్వాత తొలి వారాల్లో ఈ ముప్పు ఇంతకంటే చాలా ఎక్కువ. "ముప్పు మూడు రెట్లు పెరుగుతుంది" అని చెప్తే గుండె గుభేల్మంటుంది. "10 వేలలో ఇద్దరికి బదులు ఆరుగురు" అని చెప్తే మనిషి ఆలోచించగలుగుతుంది. రెండూ నిజాలే. రెండోదే నిజాయితీగా చెప్పడం అంటాను. దాంతోపాటు ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీ నొప్పి, ఆయాసం, హఠాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పాలి.

వాడుతున్న మందులు కూడా అడగాలి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ లాంటివి మాత్రల్లోని హార్మోన్‌ను శరీరం త్వరగా విరగ్గొట్టేలా చేస్తాయి, మాత్ర బలం తగ్గిపోతుంది. వీళ్లకు మూడు నెలల ఇంజెక్షన్, లూప్ నిశ్చింత. లామోట్రిజిన్‌తో కథ తలకిందులు: ఈస్ట్రోజెన్ వల్ల ఆ మందు రక్తంలో తగ్గిపోయి ఫిట్స్ మళ్లీ రావచ్చు. మామూలు జ్వరానికో, గొంతు నొప్పికో వాడే యాంటీబయాటిక్స్ మాత్రల్ని పాడు చేస్తాయన్న భయం మాత్రం అక్కర్లేదు.

ఇంకో పక్క, అవసరం లేని పరీక్షలతో దారి మూసేయడం కూడా హానే. మాత్రలు మొదలుపెట్టడానికి బీపీ చూస్తే చాలు. లోపలి పరీక్ష, పాప్ టెస్ట్, స్కానింగ్ ఏవీ అక్కర్లేదు. లోపలి పరీక్ష కావాల్సింది లూప్ వేసేటప్పుడే. "నెలసరి వచ్చాక రండి" అని పంపేయడం కూడా అలాంటిదే. గర్భం లేదని నమ్మకంగా తెలిస్తే ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు, తొలి 7 రోజులు కండోమ్ కూడా వాడితే సరిపోతుంది. ఆ నమ్మకం ఎలా? నెలసరి మొదలై 7 రోజులు దాటకపోయినా, గత నెలసరి నుంచి కలయికే లేకపోయినా, నమ్మదగిన పద్ధతి క్రమంగా వాడుతున్నా, గర్భస్రావమై 7 రోజులు దాటకపోయినా, పాలివ్వని తల్లికి కాన్పయి 4 వారాలు దాటకపోయినా గర్భం లేదనే చెప్పవచ్చు. బిడ్డకు పూర్తిగా తల్లిపాలే ఇస్తూ, నెలసరి ఇంకా రాక, బిడ్డకు 6 నెలలు నిండకపోతే కూడా అంతే. ఈ మూడూ కలిస్తే అదే ఒక పద్ధతి, 98 శాతం రక్షణ ఇస్తుంది. మూడింట్లో ఏ ఒక్కటి మారినా ఆ రోజే వేరే పద్ధతి కావాలి.

బ్లీడింగ్ గురించి దాచకుండా

కౌన్సెలింగ్‌కు పది నిమిషాలే ఉంటే, అందులో నాలుగు నిమిషాలు దీనికే ఇవ్వాలంటాను. మహిళలు పద్ధతులు మానేయడానికి పెద్ద కారణాల్లో నెలసరి మారిపోవడం ఒకటి. ఆ మార్పుల్లో చాలావరకు ప్రమాదం లేనివే. కానీ ముందు చెప్పకపోతే ఆ సంగతి ఆమెకు ఎలా తెలుస్తుంది?

కాపర్-టిలో హార్మోన్ లేదు. నెలసరి తన సమయానికే వస్తుంది గానీ, తొలి 3 నుంచి 6 నెలలు రక్తం ఎక్కువగా పోవచ్చు, నొప్పి పెరగవచ్చు. ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర ఆ నాలుగు రోజులు వేసుకుంటే తగ్గుతుంది. ఇప్పటికే రక్తం విపరీతంగా పోతూ రక్తహీనతతో ఉన్న మనిషికి కాపర్-టి మొదటి ఎంపిక కాకూడదు. ముందు నెలసరి గురించి అడగమన్నది ఇందుకే. ఆమెకు హార్మోన్ లూప్ మేలు చేస్తుంది: తొలి నెలల్లో చుక్కలు చుక్కలుగా కనిపించినా, తర్వాత రక్తస్రావం బాగా తగ్గుతుంది, ఏడాది తిరిగేసరికి అయిదుగురిలో సుమారు ఒకరికి ఆగిపోతుంది. ఇంజెక్షన్‌తో మొదట్లో ఎప్పుడు వస్తుందో తెలియని బ్లీడింగ్, ఏడాది తర్వాత దాదాపు సగం మందికి నెలసరే రాదు. ఇంప్లాంట్‌తో మాత్రం అంచనా వేయలేం. కొందరికి ఆగిపోతుంది, కొందరికి రోజుల తరబడి కొద్దికొద్దిగా కనిపిస్తూనే ఉంటుంది. ఈ అనిశ్చితి భరించలేనని చెప్పే మనిషికి దాన్ని అంటగట్టకూడదు.

"నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే పేరుకుపోదా?" ఈ అనుమానం ఆమె పైకి అనకపోయినా మనమే ఎత్తాలి. హార్మోన్ వల్ల గర్భసంచి లోపలి పొర పలచగా ఉండిపోతుంది. పొరే పెరగనప్పుడు రాలడానికి ఏమీ ఉండదు, లోపల ఆగిపోయేదీ ఉండదు. మాత్రలు వాడేవాళ్లకు నెలకోసారి వచ్చేది కూడా అసలు నెలసరి కాదు, ఆ కొన్ని రోజులు హార్మోన్ ఆగడం వల్ల వచ్చే బ్లీడింగ్ మాత్రమే. అది రాకపోయినా నష్టం లేదు. కానీ కాపర్-టి ఉన్న మనిషికి నెలసరి ఆగితే మాత్రం గర్భ పరీక్ష చేయాలి. లూప్ ఉండగా గర్భం రావడం అరుదే అయినా, వస్తే అది గర్భసంచి బయట, ట్యూబులో నిలిచిందేమో చూసి తీరాలి.

ఇలా ముందే చెప్పడం వల్ల నిజంగా తేడా వస్తుందా అంటే, వస్తుంది. మెక్సికోలో ఇంజెక్షన్ మొదలుపెట్టిన మహిళల మీద చేసిన, 2001లో ప్రచురితమైన అధ్యయనంలో, బ్లీడింగ్ మార్పుల గురించి వివరంగా, పదేపదే చెప్పిన వర్గంలో ఏడాదిలో మానేసినవాళ్లు 17 శాతం. మామూలుగా రెండు ముక్కలు చెప్పి పంపిన వర్గంలో 43 శాతం. మందు అదే, మోతాదు అదే.

నమ్మకాలు, వాస్తవాలు

లూప్ వేయించుకుంటే తర్వాత పిల్లలు పుట్టరన్న భయం ఊరికే పుట్టలేదు. 1970ల మొదట్లో అమెరికాలో అమ్మిన డాల్కన్ షీల్డ్ అనే లూప్‌కు దారం అనేక పోగులతో ఉండేది, దాని వెంట క్రిములు పైకి ఎక్కి చాలామందికి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి. అది ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పటి లూపులతో ఇన్ఫెక్షన్ ముప్పు కాస్త ఎక్కువగా ఉండేది వేసిన తొలి మూడు వారాలే, అదీ అప్పటికే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు. పిల్లలు లేనివాళ్లకూ వేయవచ్చు. నిజమైన సమస్యలు వేరే ఉన్నాయి, వాటిని చెప్పాలి: నూటికి సుమారు అయిదుగురికి అది జారి బయటికి వస్తుంది, వెయ్యిలో ఒకరికి వేసేటప్పుడు గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు. వేసేటప్పుడు నొప్పి ఉంటుంది. "ఏమీ తెలీదమ్మా" అని అబద్ధం చెప్పడం కన్నా నొప్పి తగ్గించే మార్గాలు ముందే మాట్లాడటం గౌరవం.

ఇంజెక్షన్ విషయంలో మాత్రం కొంత నిజం ఉంది. ఆపాక గర్భం రావడానికి మిగతా పద్ధతుల కంటే ఎక్కువ నెలలు పట్టవచ్చు, చివరి ఇంజెక్షన్ నుంచి సగటున 10 నెలల దాకా. శాశ్వతంగా పోదు. కానీ ఆరు నెలల్లో బిడ్డ కావాలనుకునే మనిషికి అది తగదు. కొందరికి బరువు పెరుగుతుందన్నదీ నిజమే. కంబైన్డ్ మాత్రలతో బరువు పెద్దగా పెరుగుతుందనడానికి మాత్రం ఆధారం లేదు, పైగా అవి అండాశయ, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ల ముప్పును తగ్గిస్తాయి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మాట్లాడేటప్పుడు వయసు గుర్తుండాలి. అమెరికాలో ట్యూబెక్టమీ చేయించుకున్న మహిళల్ని 14 ఏళ్లు గమనించిన అధ్యయనంలో, 30 ఏళ్లు, ఆ లోపు చేయించుకున్నవాళ్లలో 20 శాతం తర్వాత పశ్చాత్తాపపడ్డారు, 30 దాటాక చేయించుకున్నవాళ్లలో 6 శాతమే. దీన్ని చూపించి చిన్న వయసువాళ్లకు ఆపరేషన్ నిరాకరించమని కాదు నా ఉద్దేశం. అంతే బలంగా పనిచేసి, కావాలంటే తీసేయగలిగేవి ఉన్నాయని తెలిశాకే ఆమె నిర్ణయించుకోవాలి. ఇక దంపతులిద్దరూ శాశ్వత పద్ధతే కావాలంటే మగవాళ్లకు చేసే ఆపరేషన్, వేసెక్టమీ గురించి అడగకుండా ఆ సంభాషణ పూర్తయినట్టు కాదు. పొట్ట తెరవక్కర్లేదు, మొత్తం మత్తు అక్కర్లేదు, ముప్పు తక్కువ, మగతనానికి ఏమీ కాదు. కాకపోతే వెంటనే రక్షణ ఉండదు. మూడు నెలలు వేరే పద్ధతి వాడి, వీర్యంలో కణాలు లేవని పరీక్షలో తేలాకే నమ్మాలి. సుఖవ్యాధుల నుంచి రక్షణ మాత్రం ఆపరేషన్‌తో రాదు, లూప్‌తో రాదు, మాత్రతో రాదు. దానికి కండోమే కావాలి, ఏ పద్ధతి వాడుతున్నా సరే.

తప్పిపోయిన రోజు, తీసేయమన్న రోజు

మాత్ర మర్చిపోతే ఏం చేయాలో మర్చిపోకముందే చెప్పాలి. కంబైన్డ్ మాత్ర ఒకటి తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఒకే రోజు రెండు పడినా ఫరవాలేదు. రెండు, అంతకంటే ఎక్కువ తప్పితే చివరగా తప్పిన మాత్ర వేసుకుని 7 రోజులు కండోమ్ వాడాలి. షీటు మొదటి వారంలో ఇలా జరిగి, కలయిక కూడా ఉంటే, కలయిక తర్వాత వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర గురించి ఆలోచించాలి. ప్రొజెస్టిరోన్ ఒక్కటే ఉండే మాత్రల్లో పాతరకం వాటికి 3 గంటల ఆలస్యమే హద్దు, డెసోజెస్ట్రెల్ మాత్రకు 12 గంటలు.

ఎమర్జెన్సీ మాత్ర గర్భాన్ని తీసేయదు, అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అందుకే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర 72 గంటల్లోపు బాగా పనిచేస్తుంది, యులిప్రిస్టాల్ 120 గంటల వరకు. అన్నిటికన్నా నమ్మకమైంది 5 రోజుల్లోపు వేయించుకునే కాపర్-టి, అదే ఏళ్ల తరబడి రక్షణగా ఉండిపోతుంది. లెవోనార్జెస్ట్రెల్ వేసుకున్న రోజే మాత్రలు మొదలుపెట్టవచ్చు. యులిప్రిస్టాల్ అయితే 5 రోజులు ఆగాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి.

చివరగా, తీసేయమని వచ్చిన మనిషి గురించి. లూపో, ఇంప్లాంటో తీసేయండి అని అడిగితే "ఇంకో మూడు నెలలు చూడండి" అని రెండోసారి, మూడోసారి వెనక్కి పంపడం నేను ఒప్పుకోలేను. ఇబ్బంది ఏమిటో అడగాలి, తగ్గించే మార్గం ఉంటే చెప్పాలి, అయినా వద్దంటే ఆ రోజే తీసేయాలి. అడిగినప్పుడు తీస్తారన్న నమ్మకం లేనిచోట ఎవరూ వేయించుకోరు కూడా. తీసేటప్పుడు "ఇప్పుడు బిడ్డ కావాలా, వేరే పద్ధతి కావాలా?" అని అడగాలి. వేరే పద్ధతి కావాలంటే అది మొదలయ్యాకే పాతది తీయాలి: కాపర్-టి నుంచి మాత్రలకు మారేవాళ్లు మాత్రలు 7 రోజులు వేసుకున్నాక వచ్చి లూప్ తీయించుకుంటే మధ్యలో ఖాళీ ఉండదు. బిడ్డ కావాలంటే లూప్, ఇంప్లాంట్ తీసిన తర్వాత ఆగాల్సిన పనేమీ లేదు, ఆ నెలలోనే గర్భం రావచ్చు. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రను తీయించుకోవడానికి ఒక నెల ముందు నుంచే మొదలుపెట్టమని చెప్పాలి.